చలిమంట శాస్త్రం: సవ్యాఖ్యానం

మన పెద్దలు దేన్నీ వదల్లేదు. ఏనుగుకు శాస్త్రం రాశారు, గుర్రానికి రాశారు. బల్లి ఒంటిమీద ఎక్కడ పడితే ఏ ఫలమో తలనుంచి కాలిగోటిదాకా లెక్కకట్టి ఏటా పంచాంగంలో అచ్చు వేస్తూనే ఉన్నారు. పుష్యమాసం తెల్లవారుజామున దుప్పటి ముసుగేసుకుని, గొంతుక్కూర్చుని, రెండు అరచేతులూ నిప్పుకు చూపిస్తున్న మనిషిని మాత్రం ఒక్క శాస్త్రకారుడూ పట్టించుకోలేదు. కారణం తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. చలిమంట దగ్గర రెండు చేతులూ మంటకే రాసిచ్చేస్తాం. ఘంటం పట్టడానికి మూడో చెయ్యి కావాలి.

ఆ మూడో చెయ్యి నాకూ లేదు. కాబట్టి ఈ గ్రంథం సగం మా ఊళ్లో మంట దగ్గర నోటితో పుట్టింది. మిగతా సగం ఇంటికొచ్చి, చేతుల మసి కడుక్కున్నాక కాగితం మీద పడింది. రెండింటికీ మధ్య తేడా కనిపిస్తే మొదటిదే ప్రమాణం.

శాస్త్రమన్నాక ముందు నాలుగు సంగతులు తేల్చాలి: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. విషయం చలిమంట. ప్రయోజనం వెచ్చదనం. సంబంధం అంటే మంటకూ మనిషికీ మధ్య ఉండే మూడడుగుల జాగా. అధికారి అంటే ఈ శాస్త్రం వినడానికి అర్హుడు: చలి పుట్టినవాడెవడైనా సరే. మా పెదనాన్న దీనికి ఒక షరతు చేర్చాడు: వచ్చేటప్పుడు చేతిలో ఓ పుల్లతో రావాలి. ఉత్తచేతులు ఊపుకుంటూ వచ్చి మంట ముందు చతికిలబడ్డవాణ్ణి ఆయన ఏమీ అనడు. "అల్లుడుగారొచ్చారు, జరగండి" అంటాడు, అంతే. మర్నాడు ఆ మనిషి మోపుతో వస్తాడు.

మొదటి సూత్రం: పైన గిన్నె లేని మంట చలిమంట.

వ్యాఖ్య: నిర్వచనానికి మూడు దోషాలు ఉండకూడదని తార్కికులు చెప్పారు. అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం. "వెచ్చదనమిచ్చే మంట చలిమంట" అంటే పొయ్యి కూడా చలిమంటే అవుతుంది. అది అతివ్యాప్తి. "ఆరుబయట వేసేది" అంటే దొడ్లో స్నానాల నీళ్లు కాగే పొయ్యి కూడా వచ్చి చేరుతుంది. ఆ పొయ్యి దగ్గర మా అత్త కూర్చుంటుంది. ఆమె ఒంటికీ వెచ్చగానే ఉంటుంది. అయినా అది చలిమంట కాదు, ఎందుకంటే దాని మీద కాగు ఉంది. ఆ కాగులో ఇంటిల్లిపాది స్నానాలున్నాయి. ఆడవాళ్లు వేసే ఏ మంటకైనా ఒక పని ఉంటుంది. మగవాళ్లు వీధిలో వేసే మంటకు ఏ పనీ ఉండదు. పని ఉన్నదానికి శాస్త్రం అక్కర్లేదు, పని లేనిదానికే కావాలి. అందుకే ఈ గ్రంథం.

హోమగుండం మీద కూడా గిన్నె ఉండదు కదా అని పూర్వపక్షి అడగవచ్చు. హోమం దగ్గర దక్షిణ ఉంటుంది, ఇక్కడ ఉండదు. ఇల్లు తగలబడుతుంటే పైన గిన్నె ఉండదు, చుట్టూ జనమూ ఉంటారు, అదీ చలిమంటేనా? కాదు. చలిమంట చుట్టూ ఉన్నవాళ్లెవరికీ దాన్ని ఆర్పే ఉద్దేశం ఉండదు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగిన మహానుభావుడు ఈ రెండు మంటల మధ్య తేడా తెలియనివాడు. మా శాస్త్రంలో ఆయనకు ప్రవేశం లేదు. రాజకీయ శాస్త్రంవాళ్లు చూసుకుంటారు.

రెండో సూత్రం: చలి చంకల్లో తెలుస్తుంది.

వ్యాఖ్య: తెలుగు దేశంలో చలెక్కడిదయ్యా అని ఉత్తరాదివాళ్లు నవ్వుతారు. భారత వాతావరణ శాఖ కూడా మైదాన ప్రాంతాల్లో కనిష్ఠం 10 డిగ్రీలకో అంతకు దిగువకో పడిపోయి, మామూలుకంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితేగానీ సాధారణంగా చలిగాలులనే మాట ఎత్తదు. మనం మాత్రం 18 డిగ్రీలకే మంకీ క్యాపు దించుతాం.

ఇందులో తప్పేమీ లేదు. మన కొలత వేరు. సంక్రాంతికి చలి చంకలెత్తనివ్వదనీ, శివరాత్రికి శివశివా అంటూ వెళ్లిపోతుందనీ మనవాళ్లు ఏనాడో నిర్ణయించారు. జ్వరమొస్తే డాక్టరు థర్మామీటరు పెట్టేదీ చంకలోనే అని గమనిస్తే ఈ సామెత ఎంత శాస్త్రీయమో తెలుస్తుంది. పైగా మనకూ గట్టి చలి లేకపోలేదు. చింతపల్లి మండలం లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. దాని స్థానిక నామం కొర్రబయలు. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. తెలంగాణలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు సిర్పూర్, తిర్యాణి లాంటి చోట్ల పేర్లు పత్రికల్లో పడేది ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లోనే.

చలి నడినెత్తికెక్కేది అర్ధరాత్రని చాలామంది అనుకుంటారు. కాదు. రాత్రంతా నేల తన వేడిని ఆకాశానికి వదులుకుంటూనే ఉంటుంది. మబ్బు లేని రాత్రయితే ఆపేవాడే ఉండడు. ఈ నష్టం సూర్యోదయం దాకా సాగుతుంది కాబట్టి ఆ వేళకే చలి పరాకాష్ఠకు చేరుతుంది. సరిగ్గా మనం చెంబు పట్టుకుని బయటికి రావలసిన వేళకి. ప్రకృతి పగబట్టిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మూడో సూత్రం: కుండకంటే ముందు చలిమంట.

వ్యాఖ్య: ఈ శాస్త్రం ప్రాచీనతను శంకించేవాళ్లు ఒకసారి బేతంచెర్ల దగ్గరి గుహలకు వెళ్లిరావాలి. అక్కడ ముచ్చట్ల చింతమాను గవి అని ఒక గుహ ఉంది. అందులో తవ్వకాలు జరిపినప్పుడు మనుషులు నిప్పు వేసుకున్న స్థలం బయటపడింది. పరీక్షిస్తే సుమారు 17 వేల ఏళ్ల నాటిదని తేలింది. అప్పటికి ఈ నేలమీద కుండ పుట్టలేదు. కుండే లేనప్పుడు మంట మీద గిన్నె ఎక్కడిది? కనుక మొదటి సూత్రం ప్రకారం అది నిస్సందేహంగా చలిమంట. వాళ్లు దానిమీద మాంసం కాల్చుకోలేదా అని అడక్కండి. కాల్చుకోవడం వేరు, వండుకోవడం వేరు. కాల్చుకోవడం చలిమంటకు ఉపాంగం, ఆ ప్రకరణం ముందుంది.

ఆ చోటి పేరు ఇంకోసారి చదవండి. ముచ్చట్ల. చింతమాను. చలిమంటకు కావలసినవి రెండే, కబుర్లూ కట్టెలూ. రెండూ పేరులోనే ఉన్నాయి. దీన్ని కాకతాళీయమనేవాడు శాస్త్ర ద్రోహి.

ఇంకాస్త ఇటు వస్తే, నాలుగు వేల ఏళ్లు దాటిన కాలంలో దక్కను పశువుల కాపర్లు మందల దొడ్లలో పోగుపడ్డ పేడను తగలబెట్టగా మిగిలిన బూడిద దిబ్బలున్నాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు దిబ్బను తవ్విన ఆల్చిన్ దొర వాటిని ఋతువులు మారేటప్పుడు వేసే పండగ మంటలతో ముడిపెట్టి ఆలోచించాడు. అంటే భోగిపిడక వేసే పిల్లవాడి వెనక కొన్ని వేల ఏళ్ల బూడిద ఉంది. ఆ సంగతి వాడికి తెలియదు. తన దండలో పిడకలకంటే పక్కింటివాడి దండలో రెండెక్కువ ఉన్నాయన్నదే వాడి దుఃఖం.

నాలుగో సూత్రం: నిత్యం, నైమిత్తికం, కామ్యం అని అది మూడు విధాలు.

వ్యాఖ్య: రోజూ వేసేది నిత్యం. దాన్ని వేస్తే పుణ్యం రాదు, వేయకపోతే మాత్రం ఊళ్లో సంగతులేవీ తెలియవు. ఏటా ఒకసారి వేసే భోగిమంట నైమిత్తికం. దాని ఇంధన సేకరణ ముందురోజు రాత్రే మొదలవుతుంది. తెల్లారి చూసుకుంటే ఒకరి దొడ్డి తడిక ఉండదు, ఇంకొకరి విరిగిన నులకమంచం ఉండదు. పోగొట్టుకున్నవాడు కూడా వచ్చి ఆ మంటలోనే చలి కాగుతాడు, తిడుతూ. దొంగిలించిన కట్టె ఎక్కువ వెచ్చన అని మా పాఠశాల సిద్ధాంతం. తన తడికని తనే గుర్తుపట్టి కాగడం అద్వైతం.

ఫలం కోరి వేసేది కామ్యం. చేలో అడవిపందుల్ని బెదరగొట్టడానికి వేసే నెగడు ఈ కోవలోది. కొండమీద విడిది దిగినవాళ్లకు డబ్బు తీసుకుని వేసిపెట్టే క్యాంప్‌ఫైర్ కూడా ఇదే. అక్కడ కట్టెలు ఒకే కొలతకు కోసి ఉంటాయి, కుర్చీలు వేసి ఉంటాయి, మంట వేయడానికి వేరే మనిషి ఉంటాడు. వాడు మంట అంటించి, దూరంగా వెళ్లి, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడతాడు.

ఐదో సూత్రం: కట్టె మండదు, దాని ఆవిరి మండుతుంది.

వ్యాఖ్య: ఇది చాలామందికి కొత్తగా ఉంటుంది. కట్టెను వేడిచేస్తే ముందు అందులో తడి ఆవిరైపోతుంది. వేడి ఇంకా పెరిగి రెండు, మూడు వందల డిగ్రీల మధ్యకు చేరాక కట్టె లోపల పదార్థం విచ్చిపోయి మండే వాయువులు వదులుతుంది. మనకు కనిపించే జ్వాల ఆ వాయువులది. అవి అయిపోయాక మిగిలిన బొగ్గు జ్వాల లేకుండా ఎర్రగా కణకణలాడుతుంది. అసలు వెచ్చదనం అప్పుడే. కనుక మంట ఎగసిపడుతున్నప్పుడు వచ్చి, జ్వాల తగ్గగానే "ఇంకేముంది, అయిపోయింది" అని లేచిపోయేవాడు పెళ్లికొచ్చి భోజనాలకు ముందే వెళ్లిపోయినవాడితో సమానం.

ఇంధనాలను గుణాన్నిబట్టి చెబుతున్నాను. తాటాకు: కొత్తల్లుడి మీద మామగారి కోపం. ఇంటికప్పుదాకా లేస్తుంది, కుర్చీ లాక్కునేలోగా చల్లారిపోతుంది. మంట రాజేయడానికి తప్ప పనికిరాదు. వరిగడ్డి: పొగ ఎక్కువ, ఫలితం తక్కువ. కందికట్టె, పత్తికట్టె: సన్నగా ఉన్నా చురుగ్గా మండుతాయి, అయితే పక్కన మోపు తరిగిపోతూ ఉంటుంది. సరుగుడు: కోస్తా వాళ్ల పాలిట కామధేనువు. సర్కారు తుమ్మ: తెచ్చేటప్పుడు ముళ్లతో ఏడిపించి, మండేటప్పుడు నిదానంగా మండి క్షమాపణ చెప్పుకుంటుంది. చింతమొద్దు: ఒకసారి అంటుకుంటే రాత్రంతా మన గురించి అదే చూసుకుంటుంది. పిడక: మాట్లాడదు, ఆరదు. వెదురు: కణుపుల మధ్య చిక్కుకున్న గాలీ ఆవిరీ ఉబ్బి ఠాప్‌మని పేలుతుంది. కునికేవాళ్లను లేపడానికి మధ్యమధ్య ఒక ముక్క వేయవచ్చు.

పచ్చికట్టె గురించి చివర్లో చెబుతాను. అది నా స్వానుభవం.

ఒంటికట్టె నిలవదన్నది దీనికి అనుబంధ సూత్రం. ఎంత లావు మొద్దైనా ఒక్కదాన్నే పక్కకు లాగితే కాసేపటికి మసకబారి ఆరిపోతుంది. ఇంకోదాని పక్కకు జరిపితే రెండూ ఒకదాని సెగ ఒకటి కాచుకుంటూ మండుతాయి. ఈ రహస్యం తెలియనివాడు ప్రతి మంట దగ్గరా ఒకడుంటాడు. వాడి చేతిలో ఒక కర్ర ఉంటుంది. బాగా మండుతున్నదాన్ని కెలకడం వాడి పని. ఇటుది అటు తోస్తాడు, అటుది ఇటు లాగుతాడు, నిప్పురవ్వలు లేపి మురిసిపోతాడు. "వదిలెయ్ బాబాయ్, మండుతోందిగా" అంటే, "ఇంకా బాగా మండాలబ్బాయ్" అంటాడు. మంట ఆరిపోయాక "నేను లేకపోతే ఎప్పుడో ఆరిపోయేది" అంటాడు. వాడికి ఎదురు చెప్పలేం. కర్ర వాడి చేతిలో ఉంది.

ఆరో సూత్రం: పైది ఆకాశానికి, ఎదురుది మనిషికి, కిందిది కుక్కకి.

వ్యాఖ్య: ఇది మంట ఆస్తి పంపకం. కాలిన గాలి తేలికై నిట్టనిలువుగా పైకి పోతుంది, దానితోపాటు వేడిలో పెద్ద వాటా ఆకాశానికి పోతుంది. మనకు దక్కేది మంటనుంచి నలుదిక్కులా తిన్నగా వచ్చే సెగ మాత్రమే. తిన్నగా వస్తుంది కాబట్టి దానికి ఎదురుగా ఏముంటే దానికే తగులుతుంది. ముఖం కాలిపోతుంటుంది, మోకాళ్లు మాడిపోతుంటాయి, వీపు మాత్రం హిమాలయాల్లో ఉంటుంది. వీపు తిప్పితే అది వెచ్చబడుతుంది, కానీ ముఖం వణుకుతుంది. పైగా మంటకు వీపు పెట్టినవాడు చుట్టూ ఉన్నవాళ్లందరికీ వీపు పెట్టినట్టే. అవతల వాళ్లేం మాట్లాడుకుంటున్నారో వినిపిస్తుంది గానీ ఎవరి గురించో కళ్లతో సైగ చేసుకుంటే తెలియదు. ఆ అనుమానం చలికంటే దుర్భరం. అందుకే ఎవరూ ఎక్కువసేపు తిరిగి కూర్చోరు.

ఈ వీపు సమస్యను మనుషుల్లో ఎవరూ పరిష్కరించలేదు. గొంగళి కప్పుకుంటే వీపుకు చలి తగ్గుతుంది, వెచ్చదనం రాదు. పరిష్కరించింది కుక్క. మంట వేసిన చోట నేల బాగా కాగి ఉంటుంది. మంట ఆరాక అందరూ వెళ్లిపోయేదాకా అది దూరంగా చూస్తూ ఉంటుంది. తర్వాత వచ్చి, రెండుసార్లు చుట్టూ తిరిగి, గోరువెచ్చని బూడిదలో ముక్కు తోకలో పెట్టుకుని చక్రంలా చుట్టుకుంటుంది. దానికి ముందూ లేదు, వెనకా లేదు. కట్టె తేలేదు, ఊదలేదు, కెలకలేదు, ఒక్క మాట మాట్లాడలేదు. మా శాస్త్రంలో సిద్ధపురుషుడంటూ ఉంటే అదే.

ఏడో సూత్రం: జనం రెట్టింపైతే వెచ్చన నాలుగో వంతు.

వ్యాఖ్య: ఇక్కడ గణితం వస్తుంది, ఇష్టం లేనివాళ్లు మంట కెలుక్కోవచ్చు. గొంతుక్కూర్చున్న మనిషికి రెండడుగుల జాగా కావాలి. పదిమందికి ఇరవై అడుగుల చుట్టుకొలత. అంటే ప్రతి మనిషీ మంట నడిమధ్యకు మూడడుగుల చిల్లర దూరంలో ఉంటాడు. ఇంకో పదిమంది వచ్చి చేరితే చుట్టుకొలత నలభై అడుగులవుతుంది, దూరం రెట్టింపవుతుంది. దూరం రెట్టింపైతే తగిలే సెగ సగం కాదు, సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. మునుపటంత సెగ కావాలంటే మంట నాలుగింతలు కావాలి. పదిమందికి పది కట్టెలు సరిపోయిన చోట ఇరవైమందికి నలభై కావాలి. పెదనాన్న నియమం ప్రకారం తలా ఒక పుల్ల తెచ్చినా వచ్చేవి ఇరవయ్యే. లోటు ఇరవై.

ఆ లోటు ఎలా పూడుతుందన్నది ఈ శాస్త్రంలో అత్యంత గహనమైన ప్రశ్న. పూడుతుందన్నది మాత్రం ప్రత్యక్షం, ఎందుకంటే ఇరవైమంది కూర్చున్న మంట దగ్గరనుంచి చలేస్తోందని లేచిపోయినవాణ్ణి నేను చూడలేదు. కొంత లెక్కకు అందుతుంది. కదలకుండా కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల వేడి వదులుతుంది. పదిమంది భుజాలు రాసుకుంటూ కూర్చుంటే ఒక కిలోవాటు, ఓ చిన్న రూమ్ హీటర్ పెట్టు. మిగతాది లెక్కకు అందదు. అది పక్క ఊరి పంచాయితీ, పోయినేటి వరద, ఎవరింట్లోనో తెగిన సంబంధం. ఈ ఇంధనం ఎంత వాడినా తరగదు, పైగా ఎంత పచ్చిదైతే అంత బాగా మండుతుంది. కట్టెకు వర్తించే నియమం కబురుకు వర్తించదని దీన్నిబట్టి గ్రహించాలి.

ఎనిమిదో సూత్రం: కాల్చినదానికే రుచి, కాలినదానికి కాదు.

వ్యాఖ్య: ఇది ఉపాంగ ప్రకరణం. తేగలు తంపటి వేయవచ్చు, చిలగడదుంపలు నివురులో పూడ్చవచ్చు, వేరుశనక్కాయలు కాల్చవచ్చు, పచ్చి శనగ మొక్కల్ని కాయలతో సహా మంటమీద తిప్పవచ్చు. దుంపను జ్వాలలో వేసేవాడు మూర్ఖుడు. పైన బొగ్గు, లోపల పచ్చి. నిప్పుల్ని పక్కకు నెట్టి, వేడి బూడిదలో గుంట చేసి, దుంప పెట్టి, మళ్లీ బూడిద కప్పి, పైన నిప్పులు పరచాలి. తర్వాత మరిచిపోవాలి. మరవడమే అసలు విద్య. ఎదురుచూసేవాడి దుంప ఎప్పటికీ ఉడకదు, వాడు నిమిషానికోసారి పుల్లతో గుచ్చి దాన్ని జల్లెడ చేస్తాడు. ఎవరో ఏదో కథ చెబుతుండగా కమ్మని తీపి మాడు వాసన ఒకటి ముక్కుకు తగులుతుంది. అదీ ముహూర్తం. బయటికి లాగి, చేతులు మార్చుకుంటూ ఊదుకుంటూ, నల్లటి తోలు గోటితో గీరితే లోపల పసుపుపచ్చగా ఆవిరి పొంగుతుంది. తేగ అయితే నిలువునా చీల్చి నడుమ ఉన్న చందమామను ముందు చిన్నపిల్లలకిచ్చెయ్యాలి. ఇవ్వకపోతే పాపం. ఇచ్చేముందు కొంచెం కొరుక్కోవచ్చు.

నిషేధాలు రెండే. ఆరుబయటి నిప్పును ప్రేమకొద్దీ కుంపట్లోకెత్తి, తలుపులు బిగించిన గదిలో పెట్టుకుని పడుకోకూడదు. ఆ బొగ్గుల నుంచి రంగూ వాసనా లేని విషవాయువు వస్తుంది, నిద్రపోయినవాళ్లు మళ్లీ లేవరు. ఇందులో వ్యంగ్యం ఏమీ లేదు. రెండోది, పాత టైర్లు తెచ్చి వేయకూడదు. వేసినవాణ్ణి దాని పొగ వచ్చే వైపే కూర్చోబెట్టాలి.

తొమ్మిదో సూత్రం: పొగ పక్షపాతి కాదు.

వ్యాఖ్య: పొగ ఎవరివైపు వస్తుందన్నదానిమీద మా ఊళ్లో మూడు మతాలున్నాయి. అందగాళ్ల వైపని ఒకటి, అప్పున్నవాళ్ల వైపని రెండోది, పళ్లు తోముకోకుండా వచ్చినవాళ్ల వైపని మూడోది. ఒకే మనిషికి మూడూ వర్తించడంవల్ల ఈ వివాదం ఇంతవరకూ తెగలేదు.

సిద్ధాంతం ఇది. మంట పైకి గాలిని తోస్తూ కిందనుంచి, చుట్టుపక్కలనుంచి కొత్త గాలిని లాక్కుంటుంది. మనిషి కూర్చున్న వైపు ఆ గాలికి అడ్డు. అడ్డున్న వైపు లోటు ఏర్పడుతుంది, పొగ అటు వాలుతుంది. చుట్టూ అందరూ సమానంగా కూర్చుని, బయట గాలి వీచకపోతే పొగ నిటారుగా లేస్తుంది. వలయంలో ఒకచోట ఖాళీ వచ్చిందా, గాలి ఆ సందులోంచి దూరి పొగను సరిగ్గా ఎదుటివాడి ముఖాన కొడుతుంది. అంటే నీ కళ్లు మండడానికి కారణం నువ్వు కాదు, నీకెదురుగా ఉండి లేచి వెళ్లినవాడు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

న్యాయశాస్త్రంవాళ్లకు పొగ అంటే ప్రాణం. కొండమీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని ఊహించడం వాళ్ల ఆరో ప్రాణం, శతాబ్దాలుగా అదే ఉదాహరణ. అయితే నిప్పుంటే పొగ ఉండి తీరాలా? అక్కర్లేదన్నారు వాళ్లు. ఎర్రగా కాల్చిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకు తడి కట్టె తోడైతేనే పొగ. దానికి ఆర్ద్రేంధన సంయోగం అని పేరు పెట్టారు. ఇంత సంస్కృతం ఎందుకు ఖర్చుపెట్టారా అని చదువుకునే రోజుల్లో అనుకునేవాణ్ణి.

పదో సూత్రం: చలిమంట కట్టెలు లేక ఆరదు, లేచేవాడు లేక ఆరుతుంది.

వ్యాఖ్య: ఇది ఈ శాస్త్రానికి శిఖరం. ఏ మంట చరిత్ర చూసినా చివరిదాకా కట్టెలు ఉంటాయి. పది బారల దూరంలో, చీకట్లో, పాకలో ఉంటాయి. లేవాలంటే దుప్పట్లో అరగంటగా పోగుచేసుకున్న వెచ్చదనాన్ని ఒక్క విదిలింపుతో వదులుకోవాలి. అందుకే ఈ ఘట్టంలో భాష మారిపోతుంది. ఏ వాక్యంలోనూ కర్త ఉండడు.

"మంట తగ్గుతున్నట్టుందే."

"ఇంకో రెండు కట్టెలు పడితే బాగుణ్ణు."

"పాకలో ఉండాలి మరి."

"ఆఁ, ఉన్నాయి ఉన్నాయి. నిన్ననే చూశాను."

కట్టెలు పడాలి, ఉండాలి. ఎవరు వేయాలో, ఎవరు తేవాలో మన వ్యాకరణంలో చెప్పాల్సిన అవసరం లేదు. తెలుగు క్రియకు ఈ సౌకర్యం చలిమంట దగ్గరే అబ్బిందని నా నమ్మకం.

మొన్న ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున ఈ సంభాషణ నాలుగోసారి నడుస్తుండగా శాస్త్రకారుడిగా నాకు బాధ్యత గుర్తొచ్చింది. సిద్ధాంతం చెప్పినవాడు ప్రయోగం చేయకపోతే ఎలా? లేచాను. అందరూ నా వైపు గౌరవంగా చూశారు. "ఎందుకురా నువ్వు, కూర్చో" అని ఒక్కరూ అనలేదు.

పాకలో చీకటి. చేతికందిన నాలుగు కట్టెలు లాగి చంకలో పెట్టుకున్నాను. చల్లగా తగిలాయి. చలికి చల్లగా ఉండక ఏముంటాయి అనుకున్నాను. తిరిగొచ్చేసరికి నేను గంటసేపు కూర్చుని వెచ్చబరిచిన చోట మా వీధి కుక్క పడుకుని ఉంది. మంట ఆరేదాకా ఆగే అలవాటున్న సిద్ధపురుషుడికి ఆ రోజు దారిలో గోరువెచ్చటి నేల దొరికింది. దాన్ని ఎవరూ అదిలించలేదు. నిద్రపోయేదాన్ని లేపకూడదన్నారు. కట్టెకోసం లేచినవాడి చోటు కాపాడాలని మాత్రం ఏ ధర్మశాస్త్రంలోనూ లేదట.

ఎదురుగా ఒక ఖాళీ కనిపించింది. తొమ్మిదో సూత్రం నేనే రాశాను కాబట్టి అది ఎందుకు ఖాళీ అయిందో నాకు తెలుసు. నేను లేచిన సందులోంచి గాలి దూరి, పొగ అక్కడి పెద్దాయన కళ్లలో కొట్టి, ఆయన పక్కకు జరిగిపోయాడు. ఆ సందులో ఇప్పుడు కుక్క ఉంది గానీ నేలబారున ఉంది. గాలి దాని మీదనుంచి హాయిగా వస్తోంది. అయినా వేరే చోటు లేదు. కూర్చుని, తెచ్చిన కట్టెలు మంటలో వేశాను.

ముందు సుయ్యిమని చప్పుడైంది. కట్టెల కొసల్లోంచి తెల్లటి నురగ వచ్చింది. పాకలో వెనకవైపు ఉన్నవి ఎండినవి, ముందు చూరు కింద ఉన్నవి రాత్రి మంచుకు తడిసిన పచ్చివి. నేను తెచ్చింది రెండోరకం. కిలో నీటిని ఆవిరి చేయడానికి 2,260 కిలోజౌళ్ల వేడి కావాలి. మా మంట దగ్గర అంత దాచిన సొమ్ము లేదు. ఉన్న కాస్త నిప్పునూ ఆ తడి తాగేసింది. ఆర్ద్రేంధన సంయోగం నిష్పన్నమైంది. నేలమీంచి ఒక బూడిదరంగు స్తంభం లేచి, కాసేపు ఆలోచించి, నావైపు వాలింది.

"చదువుకున్నవాడు తెచ్చిన కట్టె కదరా, పొగే వస్తుంది" అన్నాడు పెదనాన్న, కళ్లు తుడుచుకుంటూ. అందరూ నవ్వారు, దగ్గారు, మళ్లీ నవ్వారు. కర్ర ఉన్నాయన కెలకడం మొదలుపెట్టాడు. అవతల నా చోట్లో సిద్ధపురుషుడు ఒక కన్ను తెరిచి, ఇటు చూసి, మూసేసుకున్నాడు. ఆ పొగలో నాకెవరూ కనిపించలేదు గానీ ఒళ్లు మాత్రం వెచ్చగానే ఉంది, ఏడో సూత్రంలో లెక్కకు అందలేదన్నది ఎటునుంచో అందుతున్నట్టుంది. ఎవరిదో చెయ్యి నా చేతిలో కాలిన దుంపముక్క పెట్టింది.

ఇది మసిచేతుల కవిమిత్ర ప్రోత్సాహిత, తంపటి దుంప భక్షణ పవిత్ర, ధూమపీఠాధిష్ఠిత, బాష్పపూరిత నేత్ర ప్రణీతంబైన చలిమంట శాస్త్రంబునందు సర్వంబును నేకాశ్వాసము. రెండో ఆశ్వాసం రాయడానికి కట్టెలు చాలవు. పాకలో ఉండాలి మరి.